రాజు దిగిపోయిన మర్నాడు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో, ఒక మేడ మీది గదిలో సాయంత్రం పూట చరిత్ర పాఠాలు చెప్తుంటాను. వచ్చేవాళ్లలో గ్రూప్స్‌కి చదివేవాళ్లే ఎక్కువ, డిగ్రీ పిల్లలు కొందరు. రాజు ఎలా పడిపోయాడన్నది అందరూ బాగానే చదువుకొస్తారు. ఆ తర్వాత కొత్త ప్రభుత్వానికి ఏమైందని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. ప్రతి బ్యాచ్‌లోనూ అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి, జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

రాజు పోయాడంటే సమస్య తీరినట్టే కదా సార్? మళ్లీ సవాళ్లేంటి?

రాజు ఉన్నంతకాలం వాన పడకపోయినా తప్పు రాజుదే. అతను పోయిన మర్నాటి నుంచి ఆ తప్పు కొత్త ప్రభుత్వానిది. సింహాసనం ఖాళీ అయినంత మాత్రాన ఖజానాలోకి డబ్బు రాదు, గోదాములో గింజ పెరగదు, సరిహద్దులో ఉన్న శత్రువు సర్దుకుని ఇంటికి పోడు. పాత రాజు చేసిన అప్పులు, మొదలుపెట్టిన యుద్ధం, ఊళ్లలో ఆకలి, అన్నీ కొత్తవాళ్ల నెత్తినే పడతాయి.

ఇంకో చిక్కుంది. రాజును దింపినవాళ్లందరినీ కలిపి ఉంచింది రాజు మీది కోపమే. లాయరుకు రాజ్యాంగం కావాలి, రైతుకు భూమి కావాలి, సిపాయి ఇంటికి పోవాలి, మిల్లులో పనిచేసే తల్లికి సాయంత్రానికి రొట్టె కావాలి. రాజు కనిపించినన్నాళ్లు వీళ్లంతా ఒకే ఊరేగింపులో నడిచారు. ఆయన పోయాక ఎవరి దారి వాళ్లది.

ముందు ఏ దేశం చదవాలి?

రష్యా, 1917. ఫ్రాన్స్ పెద్ద కథే గానీ, అక్కడ రాజు 1789 నుంచి 1792 దాకా మెల్లమెల్లగా పడిపోయాడు. రష్యాలో అంతా పది రోజుల్లో అయిపోయింది.

ఫిబ్రవరి 23న అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో జౌళి మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం, మొదటి ప్రపంచయుద్ధం వద్దని రోడ్డెక్కారు. నాలుగు రోజులు తిరిగేసరికి నగరంలోని సైనికులు వాళ్ల వైపు వచ్చేశారు. మార్చి 2న రెండో నికోలస్ పస్కోవ్ స్టేషన్‌లో తన రైలుపెట్టెలోనే కూర్చుని గద్దె వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. కొడుకు అలెక్సీకి ఒంట్లో బాగుండదు కాబట్టి తమ్ముడు మైకేల్‌కు ఇచ్చాడు. మైకేల్ మర్నాడే నాకొద్దన్నాడు. 1613 నుంచి ఏలిన రోమనోవ్ వంశం అలా ముగిసింది.

తేదీల దగ్గర పిల్లలకు ఎప్పుడూ టెన్షనే. రష్యాలో అప్పుడు పాత క్యాలెండర్, మన కన్నా 13 రోజులు వెనక. వాళ్ల ఫిబ్రవరి 23 అంటే మనకు మార్చి 8. అక్టోబర్ విప్లవం నవంబర్ 7న వచ్చిందీ అందుకే. ఇక్కడ రష్యా సంగతులకు పాత తేదీలే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వచ్చిపడే సమస్య ఏది?

ఎవరి మాట చెల్లాలన్నది. రాజు పేరు మీద నడిచే దేశంలో కలెక్టరు నుంచి జవాను దాకా ప్రతివాడికీ అధికారం రాజు దగ్గర్నుంచే వస్తుంది. పైనున్న ఆ పేరు తీసేస్తే, కింద తహసీల్దారు సంతకానికి విలువెక్కడిది?

పెట్రోగ్రాడ్‌లో ఒకే భవనంలో, తౌరిడ్ ప్యాలెస్‌లో, రెండు ప్రభుత్వాలు పుట్టాయి. ఒక వైపు ప్రిన్స్ ల్వోవ్ ప్రధానిగా తాత్కాలిక ప్రభుత్వం. ఇందులో జమీందారులు, ప్రొఫెసర్లు, లాయర్లు. ఇంకో వైపు కార్మికుల, సైనికుల ప్రతినిధులతో సోవియట్ అనే మండలి. మొదటివాళ్లకు కుర్చీలున్నాయి, విదేశాల గుర్తింపు ఉంది. రెండోవాళ్ల చేతిలో రైళ్లు, టెలిగ్రాఫు, తుపాకులున్నాయి. చరిత్ర పుస్తకాల్లో దీన్నే ద్వంద్వాధికారం అంటారు.

మార్చి 1న సోవియట్ ఇచ్చిన ఉత్తర్వు నంబర్ 1 చదివితే సంగతి బాగా అర్థమవుతుంది. ప్రతి దళంలోనూ సైనికుల కమిటీలు పెట్టుకోవాలి, ఆయుధాలు కమిటీల అదుపులో ఉండాలి, సోవియట్ మాటకు విరుద్ధమైతే డ్యూమా (రష్యా పార్లమెంటు) సైనిక సంఘం ఉత్తర్వు కూడా చెల్లదు. పరీక్షల్లో ఇంతవరకే అడుగుతారు. క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది చివరి అంశం దగ్గర: ఇకమీదట ఏ అధికారీ సైనికుణ్ణి ‘నువ్వు’ అని పిలవకూడదు. రష్యన్‌లోనూ మనలాగే నువ్వు వేరు, మీరు వేరు. ఇంగ్లిష్‌లో చదివినవాడికి ఈ వాక్యంలో పెద్ద విశేషం కనపడదు. మన పల్లెల్లో పెద్ద రెడ్డి ఇంటి అరుగు కింద నిలబడి ‘ఏరా’ అనిపించుకున్న తాత ఉన్న పిల్లవాడికి మాత్రం వెంటనే తగులుతుంది. పోయినేడు ఆలూరు వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు నోట్సు రాయడం ఆపేసి, “సార్, రాజు పోయాడని వాళ్లకు ఆ రోజు తెలిసుంటుంది” అన్నాడు.

అధికారులకు మాత్రం అదే రోజు సైన్యం చెయ్యి జారిపోయినట్టయింది. రెండూ నిజమే.

ఇరాన్‌లో రాజు (షా) వెళ్లిపోయాకా ఇదే తంతు. 1979 ఫిబ్రవరిలో ప్రధాని అయిన బజర్గాన్‌కు ఆఫీసుంది గానీ వీధుల్లో విప్లవ కమిటీలదే రాజ్యం. కత్తి పిడి తన చేతిలో పెట్టి అలుగు వేరేవాళ్లు ఉంచుకున్నారని ఆయనే వాపోయాడు. నవంబర్‌లో రాజీనామా చేశాడు.

రొట్టె ధర అంత పెద్ద విషయమా? ప్రభుత్వాలు దానికే పడిపోతాయా?

మన దగ్గర 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేసినప్పుడు, నీళ్లు తీశాక పాల ప్యాకెట్ కోసం లైన్లో నిలబడ్డాను. మోకాళ్ల దాకా బురద, చేతిలో స్టీలు క్యాను. ముందున్న పెద్దావిడ పొద్దున్నుంచీ అక్కడే ఉంది. ప్యాకెట్లు అయిపోయాయని అరుపు వినిపించగానే ఆమె ఎవర్ని తిట్టిందో చెప్పనుగానీ, ఆ తిట్లలో నదికి ఒక్కటీ పడలేదు. రోశయ్యగారు ముఖ్యమంత్రి అయి అప్పటికి నెల రోజులే. పెట్రోగ్రాడ్ ఆడవాళ్లు మంచులో అలాంటి లైన్లలో నెలల తరబడి నిలబడ్డారు.

తాత్కాలిక ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. మార్చి 25న ధాన్యం మీద ప్రభుత్వ గుత్తాధికారం ప్రకటించింది. ఇంటి తిండికి, విత్తనాలకు ఉంచుకుని మిగిలిందంతా నిర్ణయించిన ధరకు ప్రభుత్వానికే అమ్మాలి. కాగితం మీద బాగుంది. రైతు వైపు నుంచి చూడండి. ఫ్యాక్టరీలన్నీ యుద్ధానికే పనిచేస్తున్నాయి, అంగట్లో గుడ్డ లేదు, మేకు లేదు, నాగలి కర్రు లేదు. ఆ నోట్లు తీసుకుని ఏం కొనాలి? గింజలు గాదెలోనే ఉండిపోయాయి. ఉల్లి ధర పడిపోయినప్పుడు మన మార్కెట్ యార్డు చూసినవాళ్లకు రైతు లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ఫ్రాన్స్‌లో 1793 సెప్టెంబర్ 29న గరిష్ఠ ధరల చట్టం తెచ్చారు. నిత్యావసరాలన్నిటికీ ధర కట్టారు, కూలి రేట్లకు కూడా. సరుకు దొంగచాటు అమ్మకాల్లోకి పోయింది. ధర కట్టినందుకు రైతుకు కోపం, కూలి కట్టినందుకు కార్మికుడికి కోపం.

ఖజానా ఖాళీ అయితే నోట్లు అచ్చేసుకోవచ్చు కదా?

అందరూ చేసిందదే. ఫ్రాన్స్‌లో 1789 నవంబర్‌లో చర్చి భూములను జాతీయం చేసి, వాటి హామీ మీద అసైన్యా అనే పత్రాలు వేశారు. మొదట్లో పద్ధతిగానే ఉంది. యుద్ధం వచ్చాక లెక్క తప్పింది. చివరికి 1796 ఫిబ్రవరిలో వాటి అచ్చు సామగ్రిని పారిస్ నడిబొడ్డున జనం చూస్తుండగా తగలబెట్టారు.

రష్యాలో తాత్కాలిక ప్రభుత్వం చివరి ప్రధాని కెరెన్‌స్కీ పేరు మీద జనం ‘కెరెంకీ’ అని పిలిచిన 20, 40 రూబుళ్ల నోట్లు షీట్లు షీట్లుగా వచ్చేవి. నంబరుండదు, సంతకముండదు. కావలసినన్ని కత్తెరతో కత్తిరించుకోవాలి. బస్ టికెట్టుకైనా నంబరుంటుంది!

భూమి సంగతేమిటి? అది నెమ్మదిగా చట్టం చేసి పంచితే సరిపోయేది కాదా?

రాయలసీమవాళ్లకు ఈ ప్రశ్న నేను తిప్పి వేస్తాను. పట్టా రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతుంటే, పక్కూరివాళ్లు అప్పటికే గెట్టు జరిపేశారని తెలిస్తే, మీరేం చేస్తారు?

రష్యా తాత్కాలిక ప్రభుత్వం చెప్పిన మాట న్యాయమైనదే. భూమి లాంటి పెద్ద విషయం ఎన్నిక కాని మేము తేల్చకూడదు, రాజ్యాంగ సభ తేలుస్తుంది, అంతవరకు భూకమిటీలు వివరాలు సేకరిస్తాయి అన్నారు. వివరాలు సేకరిస్తుండగానే వేసవి వచ్చింది. పల్లెల్లో రైతులు దొరల పచ్చిక బయళ్లలో పశువులు తోలారు, అడవుల్లో చెట్లు కొట్టారు, శరత్కాలానికి దివాణాలు తగలబెట్టారు. ఇంటి దగ్గర పంపకం జరుగుతోందని తెలిసిన సిపాయి యుద్ధంలో ఎందుకుంటాడు? తుపాకీ పట్టుకునే రైలెక్కాడు. లెనిన్ పార్టీవాళ్లయిన బోల్షెవిక్కులు అధికారం పట్టిన మర్నాడు, అక్టోబర్ 26న, భూమి డిక్రీ ఇచ్చారు. పల్లెల్లో అప్పటికే జరుగుతున్నదానికి ముద్ర వేశారంతే.

ఫ్రాన్స్‌లోనూ వాయిదానే కొంప ముంచింది. 1789 ఆగస్టు 4 రాత్రి భూస్వామ్య హక్కులు రద్దన్నారు. తీరా చూస్తే చాలా హక్కులకు రైతు పరిహారం కట్టాలన్నారు. పరిహారం లేకుండా పూర్తిగా రద్దయింది 1793 జూలైలో.

పాత వ్యవస్థ తీసేసినప్పుడు దాని మీద బతికేవాళ్లు ఏమవుతారన్నది ఇంకో కోణం. దీనికి మన దగ్గరే ఉదాహరణుంది, అది విప్లవం కాకపోయినా. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాక కంపెనీ అధికారి మన్రో వచ్చి ఎనభై మంది దాకా పాలెగాళ్లను అణిచాడు. కొందరికి తవర్జీ పేరుతో పింఛను ఇచ్చాడు, రైతుతో నేరుగా లెక్క పెట్టుకున్నాడు. (ఆ మన్రోనే 1827లో మన పత్తికొండలో కలరాతో చనిపోయాడు.) పాలెగాళ్ల కింద ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్రోతులకు మాన్యాలుండేవి. తర్వాత కంపెనీ వాటి మీద చెయ్యి వేసింది. అటు తవర్జీ గొడవ, ఇటు మాన్యాల గొడవ, రెండూ కలిసి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటయ్యాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరి తీశారు. దొరను ఊరుకోబెట్టి, దొర కింద బతికే వంద కుటుంబాలను మర్చిపోతే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

యుద్ధం ఆపేయొచ్చు కదా? కొత్త ప్రభుత్వానికి ఆ పట్టుదలెందుకు?

ఇది నాకూ చాలాకాలం అర్థం కాలేదు. ఆపితే బ్రిటన్, ఫ్రాన్స్‌ల అప్పు ఆగిపోతుంది. శత్రువు ముందుకొచ్చేస్తాడు. పైగా గెలిస్తే ప్రభుత్వానికి పరువొస్తుందని ఆశ. విదేశాంగ మంత్రి మిల్యుకోవ్ ఏప్రిల్‌లో మిత్రదేశాలకు పాత ఒప్పందాలకు కట్టుబడి ఉంటామని రాసి పంపాడు. అది బయటపడగానే జనం రోడ్డెక్కారు, అతను దిగిపోవాల్సి వచ్చింది. జూన్‌లో యుద్ధమంత్రి కెరెన్‌స్కీ స్వయంగా దళాల ముందు ఉపన్యాసాలిచ్చి దాడి చేయించాడు. కొన్ని రోజుల్లోనే అది కుప్పకూలింది. మార్చిలో రద్దు చేసిన మరణశిక్షను జూలైలో యుద్ధభూమిలో మళ్లీ తెచ్చారు. నా లెక్కలో ఆ ప్రభుత్వం ఓడిపోయింది అక్కడే, అక్టోబర్‌లో కాదు.

ఆపినవాళ్లు చెల్లించిన ధర కూడా చూడాలి. 1918 మార్చిలో బ్రెస్ట్-లిటోవ్స్క్ సంధిలో లెనిన్ ఉక్రెయిన్, పోలండ్, బాల్టిక్ ప్రాంతాలు వదులుకున్నాడు. అంతర్యుద్ధం ఎలాగూ తప్పలేదు.

ఫ్రాన్స్‌లో యుద్ధం వేరే పని చేసింది. 1793లో మూడు లక్షల మందిని సైన్యంలోకి తీసుకోవాలన్న ఉత్తర్వు వాందే ప్రాంతంలో తిరుగుబాటు రేపింది. బయట శత్రువు, లోపల తిరుగుబాటు. ఆ భయంలోంచే ప్రజా రక్షణ సమితి అనే అత్యవసర పాలక సంఘం, గిలటిన్ రోజులు వచ్చాయి.

పాత సైన్యాన్ని ఉంచుకోవాలా, తీసేయాలా?

ఉంచుకుంటే కుట్ర భయం. 1917 ఆగస్టులో ప్రధాన సేనాని కొర్నిలోవ్ రాజధాని మీదికి దళాలను పంపాడు. అతన్ని ఆపడానికి ప్రభుత్వం బోల్షెవిక్ కార్మికుల చేతికే తుపాకులివ్వాల్సి వచ్చింది. తీసేస్తే దేశానికి కాపలా ఎవరు?

మన పక్కనున్న నేపాల్ చూడండి. రాజు దిగిపోయాక అక్కడ తిరుగుబాటు సైన్యం, రాజు సైన్యం రెండూ మిగిలాయి. ఐక్యరాజ్యసమితి లెక్కతేల్చిన మావోయిస్టు సైనికులే 19 వేలకు పైన. వాళ్లను ఏం చెయ్యాలన్న గొడవలోనే సేనాధిపతి కటవాల్‌ను తీసేయబోయి, రాష్ట్రపతి రామ్ బరన్ యాదవ్ అడ్డుపడితే, మావోయిస్టు నేత ప్రచండ 2009 మేలో ప్రధాని పదవి వదిలేశాడు. చివరికి సైన్యంలో చేరింది సుమారు 1,400 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది డబ్బు తీసుకుని ఇళ్లకు వెళ్లారు.

దింపేసిన రాజును ఏం చెయ్యాలి?

పదహారో లూయీకి విచారణ జరిపి 1793 జనవరి 21న తల తీశారు. నికోలస్ కుటుంబాన్ని విచారణ లేకుండా 1918 జూలైలో యెకటెరిన్‌బర్గ్‌లో ఒక ఇంటి కింది గదిలో పిల్లలతో సహా కాల్చేశారు. ఈజిప్టు ఫరూక్‌ను 1952లో ఓడెక్కించి పంపేశారు. చైనాలో ఆరేళ్ల పూయీని 1912లో దింపి, బిరుదుతో సహా 1924 దాకా ప్యాలెస్‌లోనే ఉండనిచ్చారు. మధ్యలో 1917లో ఒక సేనాని అతన్ని పన్నెండు రోజులు మళ్లీ గద్దె ఎక్కించాడు. నేపాల్ జ్ఞానేంద్రకు పదిహేను రోజులు గడువిచ్చారు. కిరీటం అప్పగించి, ప్రెస్‌మీట్ పెట్టి, కారెక్కి వెళ్లాడు. ప్యాలెస్ మ్యూజియమైంది. నాకు నచ్చింది ఇదే.

దేవుడు, క్యాలెండర్ లాంటివాటిని కదిలించొచ్చా?

వద్దు. ఫ్రాన్స్‌లో వారాన్ని పది రోజులు చేశారు. ఏడో రోజు వచ్చే సెలవు పదో రోజుకు పోయింది. జనం ఎంత ప్రేమగా పాటించి ఉంటారో ఊహించుకోండి. 1806 జనవరి 1 నుంచి నెపోలియన్ ఎత్తేశాడు. అదే విప్లవం తెచ్చిన మీటరు, కిలో మాత్రం మన సంతకు కూడా వచ్చాయి.

రాజ్యాంగం తొందరగా రాయాలా, నిదానంగానా?

రష్యాలో రాజ్యాంగ సభ ఎన్నికలు సెప్టెంబర్ అన్నారు, నవంబర్‌కు వాయిదా వేశారు. ఆ లోపే అధికారం పోయింది. ఎన్నికలు జరిగాయి, రైతుల పార్టీ అయిన సోషలిస్ట్ రివల్యూషనరీలు ఎక్కువ సీట్లు గెలిచారు, బోల్షెవిక్కులకు నాలుగో వంతు ఓట్లు వచ్చాయి. 1918 జనవరి 5న సభ ఒక్కరోజు కూర్చుంది. మర్నాడు తలుపులు తియ్యలేదు. ఇరాన్‌లో రాజు వెళ్లిన రెండున్నర నెలలకే రెఫరెండం పెట్టారు. ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా, అవునా కాదా. రాజ్యాంగం ఎలా ఉంటుందో అప్పటికి ఎవరూ చూడలేదు. నేపాల్‌లో ఒక సభ నాలుగేళ్లు కూర్చుని తేల్చలేక రద్దయింది, రెండో సభ 2015 సెప్టెంబర్‌లో పూర్తి చేసింది. నేను నేపాల్ వైపే. ఏడేళ్లూ విసిగించారు, కానీ మాట్లాడుకున్నారు.

మన దగ్గర ఇలాంటిది జరగలేదా సార్?

విప్లవం జరగలేదు. బనగానపల్లె నవాబు సంస్థానం 1948లో మద్రాసు ప్రాంతంలో కలిసి కర్నూలు జిల్లాలోకి వచ్చింది. సంస్థానాధీశులకిచ్చిన రాజభరణాలు 1971 దాకా నడిచాయి. గొడవ లేకుండా దింపాలంటే అలా డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

కొత్త ప్రభుత్వం ఎలా మొదలవుతుందో మాత్రం ఈ ఊరు చూసింది. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు భవనాలు చాలక గుడారాలు వేశారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, మన అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. గుడారంలో ఫైళ్లు గాలికి ఎగిరిపోకుండా రాళ్లు పెట్టుకునేవాళ్లని మా నాయన చెప్పేవాడు. ఏడాది దాటి నెల తిరిగిందో లేదో, మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. తుపాకులు లేవు, ఎన్నికలు పెట్టారు.

పరీక్షలో ఎలా రాయాలి?

తిండి, భూమి, యుద్ధం, అధికారం అని నాలుగు హెడ్డింగులు పెట్టి విడివిడిగా రాయకండి. భూమి వాయిదా పడితే సైన్యం కరిగింది, యుద్ధం సాగితే రొట్టె తగ్గింది, రొట్టె తగ్గితే సోవియట్ బలపడింది. ఆ లంకె కనిపించాలి. మంచి పనులు కూడా ఒక పేరా రాయండి. ఆడవాళ్లకు ఓటు, పత్రికలకు స్వేచ్ఛ, రాజకీయ ఖైదీల విడుదల, ఇవన్నీ రష్యా తాత్కాలిక ప్రభుత్వం ఉన్న ఆ ఎనిమిది నెలల్లోనే వచ్చాయి.

చివరగా, కెరెన్‌స్కీ మంచివాడా, చేతకానివాడా?

ప్రతి బ్యాచ్‌లోనూ ఓటింగ్ పెడతాను. ప్రతిసారీ చేతకానివాడే గెలుస్తాడు. ముప్పై ఆరేళ్ల లాయరు. మంచి వక్త. ప్రభుత్వంలోనూ, సోవియట్‌లోనూ రెండింట్లో పదవి ఉన్నవాడు మొదట్లో అతనొక్కడే. అక్టోబర్ 25 పొద్దున తనకు సాయం వచ్చే దళాలను వెతుక్కుంటూ కారులో రాజధాని దాటాడు. మళ్లీ అధికారంలోకి రాలేదు. 1970లో న్యూయార్క్‌లో చనిపోయాడు. అంటే ఆ ఎనిమిది నెలల తర్వాత ఇంకో యాభై రెండేళ్లు బతికాడు. ఆ ఏళ్లలో పుస్తకాలు రాశాడు, ఉపన్యాసాలిచ్చాడు, ఎక్కువగా ఆ ఎనిమిది నెలల గురించే.